తుడవకుండా ఆరే అద్దం: నీటి గెడ వెనుక నూట డెబ్బై ఏళ్ళ కథ

కుళాయి నీళ్ళతో కిటికీ అద్దాన్ని బాగా కడిగి, తుడవకుండా ఎండలో వదిలేయండి. కాసేపటి తర్వాత చూస్తే అద్దం నిండా తెల్లని మచ్చలు, గీతలు కనిపిస్తాయి. మురికి పోవాలనే కదా కడిగాం! మరి ఈ మచ్చలు ఎక్కడి నుంచి వచ్చాయి? కడిగిన నీళ్ళలోంచే వచ్చాయి.

ఇది చాలా చిన్న సంగతిలా కనిపిస్తుంది. కాని దీని వెంట ఒక పెద్ద సంగతి ఉంది. నీళ్ళు మచ్చ వదులుతాయి కాబట్టి, అవి ఆరకముందే అద్దాన్ని తుడవాలి. తుడవాలంటే మనిషి చెయ్యి అద్దం దాకా చేరాలి. అద్దం మూడో అంతస్తులో ఉంటే మనిషి కూడా మూడో అంతస్తు ఎత్తుకు నిచ్చెన మీదో, పరంజా మీదో, తాడు పట్టుకునో వెళ్ళాలి. అంటే మనిషిని నిచ్చెన ఎక్కించినది అద్దం మీది మురికి ఒక్కటే కాదు. నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు కూడా!

ఆ లవణాలను ముందే తీసేస్తే? అప్పుడు తుడిచే పని ఉండదు. నేల మీదే నిలబడి, పొడవైన గొట్టం చివర బ్రష్షు బిగించి, దాని గుండా శుద్ధజలం పంపుతూ రుద్ది, కడిగి, వదిలేయవచ్చు. అద్దం తనంతట తానే మెరుస్తూ ఆరుతుంది. ఈ పరికరాన్ని మనం 'నీటి గెడ' అందాం. చూడటానికి ఇది ఒక గొట్టం, ఒక కుంచె మాత్రమే. కాని దీన్ని సాధ్యం చేసిన విజ్ఞానం పొలం మట్టిలో మొదలై, బాయిలర్ గదుల గుండా, సముద్రపు నీటి గుండా నడిచి వచ్చింది.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు పట్నంలో ఖుర్సీపార్ అనే ప్రాంతం ఉంది. ఉక్కు కర్మాగారం పనులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఉక్కు పట్నాల్లో పెరిగే పిల్లలకు రెండు విషయాలు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకటి, గాలిలో వచ్చే ఖనిజపు ధూళి, బొగ్గు నుసి కిటికీల మీద ఎలా పేరుకుంటాయో. రెండు, ఎత్తున పనిచేయడం అంటే ఏమిటో. ఈ కథకు ఖుర్సీపార్‌తో మరో సంబంధం కూడా ఉంది. అది ముందు ముందు తెలుస్తుంది.

మచ్చ ఎలా పుడుతుంది?

భూగర్భ జలం రాళ్ళ గుండా, మట్టి గుండా పారుతూ కాల్షియం, మెగ్నీషియం, సోడియం లవణాలను కరిగించుకుంటుంది. ఒక లీటరు బోరు నీటిలో 400 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నాయనుకుందాం. ఇది మన ప్రాంతాల్లో అసాధారణమేమీ కాదు. ఒక చదరపు మీటరు అద్దం మీద 0.05 మిల్లీమీటరు మందాన నీటి పొర నిలిస్తే, ఆ నీటి ఘనపరిమాణం 50 మిల్లీలీటర్లు. అది ఆవిరైపోతే అద్దం మీద మిగిలే లవణం 20 మిల్లీగ్రాములు. అంత కొద్దిపాటి పొడి కూడా ఎండలో కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది.

ఆ పొడిలో ముఖ్యమైనది కాల్షియం కార్బనేటు, అంటే సున్నపురాయి. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు నీరు ఆరేటప్పుడు కార్బన్ డయాక్సైడును వదిలి, కరగని కార్బనేటుగా మారుతుంది. కాబట్టే ఈ మచ్చలు మళ్ళీ నీళ్ళు పోసినా పోవు. నిమ్మరసం, వెనిగర్ వంటి ఆమ్లాలకే లొంగుతాయి. మచ్చ మధ్యలో పలచగా, అంచున చిక్కగా ఉండటం మీరు గమనించే ఉంటారు. నీటి బొట్టు అంచు వద్ద త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు తీర్చడానికి బొట్టు మధ్య నుంచి నీరు అంచుకు ప్రవహిస్తూ, తనతో ఉన్న పదార్థాన్ని అక్కడికి మోసుకుపోతుంది. కాఫీ మరకల అంచులు ఎందుకు నల్లగా ఉంటాయో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో ఈ విధంగానే వివరించారు.

తుడుపు యుగం

నీటి మచ్చను ఎదుర్కోవడానికి మొదట దొరికిన ఉపాయం వేగం. నీరు ఆరకముందే దాన్ని లాగేయాలి. అమెరికాలో కిటికీలు తుడిచే పనివారు ఒకప్పుడు రెండు రబ్బరు పట్టీలున్న బరువైన ఉక్కు వైపర్లు వాడేవారు. ఇటలీ నుంచి కాలిఫోర్నియాకు వలస వెళ్ళి అదే పని చేసిన ఎత్తోరె స్తెక్కోనె, తేలికైన ఇత్తడి పిడికి ఒకే ఒక పలచని రబ్బరు పట్టీ బిగించిన వైపర్‌కు 1930లలో పేటెంటు పొందాడు. నేటికీ ప్రపంచమంతటా కిటికీలు తుడిచేది దాదాపు అదే పనిముట్టుతో. దాన్ని కనిపెట్టినవాడు ప్రయోగశాల శాస్త్రవేత్త కాదు, రోజూ ఆ పని చేసిన కూలీ అన్నది గుర్తుంచుకోదగిన విషయం.

కాని ఈ వైపర్ మనిషిని నేల మీదికి దించలేకపోయింది. 1950ల నాటికి అమెరికాలో గొట్టపు గెడల గుండా నీరు పంపి, చివర బ్రష్షుతో కడిగే పద్ధతి వచ్చింది. గెడ నీటిని పైకి తీసుకువెళ్ళింది సరే, ఆ నీరే మచ్చలు వదిలితే ఎలా? కఠిన జలం ఉన్నచోట ఈ గెడ సగం పరిష్కారమే అయింది. మిగతా సగం నీటిలోనే దొరకాలి.

పొలం మట్టి చెప్పిన రహస్యం

ఆ సగానికి బీజం అంతకు వందేళ్ళ ముందే పడింది. ఇంగ్లండులో 1840లలో హెచ్. ఎస్. థాంప్సన్ అనే వ్యవసాయదారుడు పేడ ఎరువులోని అమ్మోనియా వానకు కొట్టుకుపోకుండా మట్టిలో ఎలా నిలుస్తున్నదా అని ఆలోచించాడు. మట్టి నింపిన గొట్టంలో అమ్మోనియం సల్ఫేటు ద్రావణం పోశాడు. అడుగు నుంచి కారిన నీటిలో అమ్మోనియాకు బదులు కాల్షియం సల్ఫేటు కనిపించింది! రసాయన శాస్త్రవేత్త జె. థామస్ వే ఈ ప్రయోగాలను విస్తరించి 1850లో ఫలితాలు ప్రకటించాడు. మట్టి వడపోత గుడ్డలా పనిచేయడం లేదు. సంతలో వ్యాపారిలా పనిచేస్తున్నది. ఒక అయానును తీసుకుని, బదులుగా మరొకటి ఇస్తున్నది. ఇదే అయాను వినిమయం.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీకి చెందిన రాబర్ట్ గాన్స్ కృత్రిమ జియోలైట్లతో కఠిన జలాన్ని మృదుజలంగా మార్చే పద్ధతిని పరిశ్రమలకు అందించాడు. కాల్షియం పోయి సోడియం వచ్చింది. బట్టలు ఉతకడానికి, సబ్బు నురగ రావడానికి ఇది చాలు. ఇక్కడ చాలామంది పొరపడతారు. మృదుజలం వేరు, శుద్ధజలం వేరు. కాల్షియం స్థానంలో సోడియం చేరిందే తప్ప లవణం తగ్గలేదు. మృదుజలంతో కడిగిన అద్దం మీద కూడా మచ్చ పడుతుంది. కాకపోతే ఆ మచ్చ నీటితో కడిగితే పోతుంది, అంతే.

అసలు మలుపు 1935లో వచ్చింది. ఇంగ్లండులోని టెడింగ్టన్ రసాయన పరిశోధనాలయంలో బి. ఎ. ఆడమ్స్, ఇ. ఎల్. హోమ్స్ కృత్రిమ రెజిన్లు కూడా అయాన్లను మార్పిడి చేయగలవని చూపించారు. జియోలైట్లు చేయలేని పని రెజిన్లు చేయగలవు. ఒక రకం రెజిన్ నీటిలోని ధనాయాన్లన్నిటినీ పట్టుకుని హైడ్రోజన్ అయాన్లను ఇస్తుంది. మరో రకం ఋణాయాన్లను పట్టుకుని హైడ్రాక్సిల్ అయాన్లను ఇస్తుంది. హైడ్రోజన్, హైడ్రాక్సిల్ కలిస్తే ఏమవుతుంది? నీరు! అంటే లవణం వెళ్ళిపోయి ఆ స్థానంలో నీరే వచ్చిందన్నమాట. మంట పెట్టి మరిగించకుండానే స్వేదన జలంతో పోల్చదగిన నీరు తయారైంది.

బాయిలర్ గదిలో

ఈ ఖనిజరహిత జలం మొదట ఎవరికి కావలసి వచ్చింది? కిటికీలు కడిగేవారికి కాదు, ఆవిరితో విద్యుత్తు తయారుచేసేవారికి. కిటికీ మీద మచ్చ పడితే చూపుకు అడ్డం, అంతే. అదే మచ్చ బాయిలర్ గొట్టం లోపల పడితే ఉష్ణం నీటికి చేరదు. గొట్టం వేడెక్కి పగులుతుంది. నీటిలోని సిలికా అధిక పీడనం వద్ద ఆవిరితో పాటు ప్రయాణించి టర్బైన్ రెక్కల మీద గాజులాంటి పెచ్చు కడుతుంది. అందుకే ఆధునిక విద్యుత్ కేంద్రం పక్కన తప్పకుండా ఒక ఖనిజరహిత జల విభాగం ఉంటుంది. పనివారు దాన్ని 'డీఎం ప్లాంటు' అంటారు.

ఇప్పుడు ఖుర్సీపార్‌తో ఉన్న ఆ రెండో సంబంధానికి వద్దాం. భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరిలో కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉక్కు తయారీకి ఖనిజం, బొగ్గు ఎంత అవసరమో ఆవిరి, విద్యుత్తు కూడా అంత అవసరం. కర్మాగారం అవసరాల కోసం ఎన్‌టీపీసీ–సెయిల్ ఉమ్మడి సంస్థ భిలాయిలో నెలకొల్పిన వాటిలో 250 మెగావాట్ల యూనిట్లు రెండు ఉన్నాయి. అలాంటి బాయిలర్లకు వెళ్ళే నీటిలో లవణం లెక్క పది లక్షల పాళ్ళలో ఒక పాలుకు కూడా ఎంతో దిగువన ఉండాలి. కిటికీ మీద మచ్చ లేకుండా ఆరే నీరు అంటే ఒక ఖుర్సీపార్ విద్యార్థికి కొత్త వింతగా తోచవచ్చు. కాని అంతకంటే శుద్ధమైన నీటిని ఆ ఊళ్ళోనే రోజూ టన్నుల కొద్దీ తయారుచేస్తున్నారు!

సముద్రం దగ్గర దొరికిన రెండో దారి

రెజిన్‌కు ఒక హద్దు ఉంది. పట్టుకోగలిగినన్ని అయాన్లు పట్టుకున్నాక అది అలసిపోతుంది. విద్యుత్ కేంద్రాల్లో ఆమ్లంతోను, కాస్టిక్ సోడాతోను దాన్ని మళ్ళీ సిద్ధం చేస్తారు. చిన్న పనివాడికి అది సాధ్యమూ కాదు, క్షేమమూ కాదు. లవణం ఎక్కువున్న నీటిని నేరుగా రెజిన్ మీద పోస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

దీనికి పరిష్కారం సముద్రపు నీటిని మంచినీరుగా మార్చాలనే ప్రయత్నంలో దొరికింది. 1748లో ఫ్రాన్సుకు చెందిన నోలె, మద్యసారం నింపిన పాత్రకు పంది మూత్రాశయపు పొర కట్టి నీటిలో ఉంచితే, నీరు పొర గుండా లోపలికి చొరబడటం గమనించాడు. ఇదే ద్రవాభిసరణ. పలుచని ద్రావణం నుంచి చిక్కని ద్రావణం వైపు నీరు పోవడం ప్రకృతి ధర్మం. చిక్కని వైపు నుంచి తగినంత ఒత్తిడి పెడితే? నీరు ఎదురు నడుస్తుంది, లవణం వెనకే ఉండిపోతుంది.

1959లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రీడ్, బ్రెటన్ సెల్యులోజ్ ఎసిటేటు పొరతో దీన్ని చేసి చూపారు. కాని నీరు చుక్కలు చుక్కలుగా మాత్రమే వచ్చింది. ఆ సమయంలోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజలస్ శాఖలో సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి కొత్త రకం పొర తయారుచేశారు. దాని పై చర్మం అతి పలచన. కింది భాగం స్పాంజిలా గుల్ల. లవణాన్ని ఆపేది చర్మమే కాబట్టి అది పలచనైన కొద్దీ నీరు ధారాళంగా వస్తుంది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా పట్టణంలో ఈ పొరలతో ఉప్పు నీటిని తాగునీరుగా మార్చే కేంద్రం పనిచేయసాగింది. తర్వాత జాన్ కాడట్ పలచని మిశ్రమ పొరలు రూపొందించాడు. ఈనాడు మన ఇళ్ళలో 'ఆర్‌ఓ' అని పిలిచే యంత్రంలో ఉన్నవి ఆ వంశానికి చెందిన పొరలే.

ఇప్పుడు రెండు దారులూ కలిశాయి. 400 పాళ్ళ నీటిని ముందు ఆర్‌ఓ పొర 20 పాళ్ళకు దించుతుంది. మిగిలిన కొద్దిపాటిని రెజిన్ తుడిచిపెడుతుంది. రెజిన్ ఎంతో కాలం మన్నుతుంది.

నేల మీదికి దిగిన మనిషి

1990లలో బ్రిటన్‌లో కిటికీలు కడిగే వృత్తి ఈ నీటిని అందిపుచ్చుకుంది. అప్పటికి గెడ కూడా మారింది. పొడవు పెరిగే కొద్దీ అల్యూమినియం గెడ బరువెక్కుతుంది, వంగుతుంది. గాజునార, ఆ తర్వాత కార్బన్ నారతో చేసిన గెడలు తేలికగా, గట్టిగా ఉంటాయి. 1960లలో విమానాల కోసం అభివృద్ధి చేసిన కార్బన్ నార ఇలా కిటికీ కడిగేవాడి చేతికి వచ్చింది.

చట్టం కూడా తోడైంది. బ్రిటన్ 2005లో ఎత్తున చేసే పనులకు నియమావళి తెచ్చింది. అందులో మొదటి సూత్రం చాలా సూటిగా ఉంటుంది: ఎక్కకుండా చేయగలిగిన పనికి మనిషిని ఎక్కించకూడదు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షను కూడా ఎత్తున పనిచేసేవారు పడిపోయే అవకాశం ఉన్నచోట కంచెతోనో మరో విధంగానో రక్షణ కల్పించాలని చెప్పింది. ఈ రెండిటి మధ్య తేడా గమనించండి. ఒకటి, ఎక్కిన మనిషిని కాపాడమంది. రెండోది, అసలు ఎక్కాలా అని ముందు అడుగుతుంది. నీటి గెడ ఈ రెండో ప్రశ్నకు జవాబు.

మొదలుపెట్టాలంటే

ఒక పాఠశాలో, ఆస్పత్రో, చిన్న వ్యాపారం పెట్టదలచిన యువకుడో ఈ పద్ధతి మొదలుపెట్టాలంటే ముందు కొనవలసినది గెడ కాదు, లవణం కొలిచే చిన్న మీటరు. జేబులో పట్టే ఈ 'టీడీఎస్ మీటరు' నిజానికి నీటి విద్యుద్వాహకతను కొలిచి, దాన్ని లవణాల లెక్కలోకి మార్చి చూపుతుంది. స్థానిక నీటిలో 100 పాళ్ళలోపు లవణం ఉంటే రెజిన్ గొట్టం ఒక్కటే సరిపోవచ్చు. 300, 400 ఉంటే ముందు ఆర్‌ఓ తప్పదు. గెడకు వెళ్ళే నీరు సున్నాకు దగ్గరగా ఉండాలి. 10 పాళ్ళు దాటితే రెజిన్ మార్చవలసిన సమయం వచ్చినట్లే. 10 పాళ్ళ నీటితో కడిగితే, మనం ముందు చూసిన చదరపు మీటరు అద్దం మీద మిగిలేది 20 మిల్లీగ్రాములు కాదు, అర మిల్లీగ్రాము.

తర్వాతి ప్రశ్న పంపు. భౌతికశాస్త్రం చదివినవారు వెంటనే లెక్క కట్టగలరు. నీటిని 10 మీటర్ల ఎత్తుకు నిలబెట్టడానికే సుమారు ఒక వాతావరణ పీడనం కావాలి. సన్నని గొట్టంలో ఘర్షణను అధిగమించడానికి మరికొంత. మేడ మీది ట్యాంకు నీటితో ఆ ట్యాంకు ఎత్తును మించి కడగలేం. అందుకే బ్యాటరీతో నడిచే చిన్న పంపు వాడతారు. నీరు నిమిషానికి ఒకటి, రెండు లీటర్లు వస్తే చాలు.

పనిలో క్రమం ముఖ్యం. ముందు పై చట్రాన్ని, తర్వాత అద్దాన్ని రుద్దాలి. చివరికి పై నుంచి కిందికి ధారగా కడిగి వదిలేయాలి. చట్రం సందుల్లో దాగిన పాత ధూళి తర్వాత జారి మచ్చ వేస్తుంది కాబట్టి, మొదటిసారి కడిగినప్పుడు ఫలితం పూర్తిగా రాకపోవచ్చు. రెండో, మూడోసారికి తేడా తెలుస్తుంది. ఉక్కు పట్నాలవారికి మరో మాట. పొడి గుడ్డతో ధూళిని తుడవకండి. ఇసుకలోని క్వార్ట్‌జ్ గాజు కంటే కఠినం; ఇనుప ఖనిజపు రేణువులు కొన్ని గాజుకు దీటుగా ఉంటాయి. పొడిగా రుద్దితే అవి ఉప్పు కాగితంలా అద్దాన్ని గీస్తాయి. ముందు నీటితో తేలగొట్టాలి.

గెడ చేయలేనివి

శుద్ధజలం అయస్కాంతంలా మురికిని లాగేస్తుందని అమ్మకందారులు చెబుతుంటారు. అది అతిశయోక్తి. మురికిని వదిలించేది ప్రధానంగా బ్రష్షు. శుద్ధజలం గొప్పతనమల్లా తాను ఏమీ వదలకుండా పోవడమే. జిడ్డుకు, ఎండిపోయిన సిమెంటుకు, పాత సున్నపు మచ్చలకు ఇది మందు కాదు.

గెడకు ఎత్తులోనూ హద్దు ఉంది. నాలుగైదు అంతస్తుల వరకు దీని రాజ్యం. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఆ పరిసరాల్లో లేచిన అద్దాల మేడల పై అంతస్తులకు తాళ్ళు, వేలాడే తొట్లు తప్పవు. నేల మీద ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోవడమూ పొరపాటే. కార్బన్ నార, అల్యూమినియం రెండూ విద్యుద్వాహకాలు. తలపై కరెంటు తీగలున్న సందులో తడి గెడ ఎత్తడం ప్రాణాంతకం. మన బస్తీల్లో ముందు చూడవలసింది కిటికీని కాదు, తీగల్ని.

చివరిది నీటి లెక్క. చిన్న ఆర్‌ఓ యంత్రం ఒక లీటరు శుద్ధజలం ఇచ్చి, ఒకటి నుంచి మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. వేసవిలో బిందె నీటికి వరుస కట్టే చోట దాన్ని మురుగు కాలువలో పోయడం న్యాయం కాదు. ఆ నీటిని నేల కడగడానికి, మరుగుదొడ్లకు వాడవచ్చు. వాన మొదలైన కాసేపటికి, కప్పు కడుక్కుపోయాక పట్టిన వాన నీటిలో లవణం సహజంగానే చాలా తక్కువ. దాన్ని వడపోసి రెజిన్ గుండా పంపితే ఆర్‌ఓ అవసరమే ఉండకపోవచ్చు.

మీరే చేసి చూడండి

ఒక గాజు పలకను సబ్బుతో కడిగి ఆరబెట్టండి. దాని మీద వరుసగా నాలుగు బొట్లు వేయండి: బోరు నీరు, కుళాయి నీరు, వాన నీరు, పెట్రోలు బంకులో దొరికే బ్యాటరీ నీరు. దుమ్ము పడకుండా మూత పెట్టి ఆరనివ్వండి. తర్వాత పలకను నల్ల కాగితం మీద పెట్టి, పక్క నుంచి వెలుతురు వేసి చూడండి. ఏ బొట్టు ఎంత వలయం మిగిల్చింది? మీ ఊరి నీటి గురించి అది ఏం చెబుతోంది? ఇప్పుడు మిగిలిన మచ్చల మీద నిమ్మరసం చుక్క వేయండి. నీళ్ళకు లొంగని సున్నపు మచ్చ దానికి కరుగుతుంది.

నాలుగో బొట్టు ఉన్నచోట దాదాపు ఏమీ కనిపించదు. ఆ 'ఏమీ లేకపోవడం' కోసమే పొలం మట్టితో థాంప్సన్ మొదలుపెట్టిన పని సౌరిరాజన్ పలచని పొర దాకా సాగింది. వారిలో ఎవరూ కిటికీల గురించి ఆలోచించలేదు. అయినా వారి పని కలిసి ఒక మనిషిని నిచ్చెన మీది నుంచి నేల మీదికి దించగలిగింది. మన బడి మేడ మీది కిటికీ తుడవడానికి ఎవరైనా గోడ అంచున నిలబడితే, ఇంకొంచెం జాగ్రత్తగా నిలబడమని చెప్పే ముందు ఆ మనిషి అక్కడికి ఎక్కవలసిన అవసరమేమిటో అడగాలి.